నిలుపుకొనదగిన మొక్క ఏది? – విత్తన సంతతిలో ఎన్నికను గూర్చి ఒక సమీక్ష

విత్తనమునుండి మొలిచిన పది మొక్కలలో దేనిని నిలుపుకొనవలెను, దేనిని పెరికివేయవలెను అను ప్రశ్న సేద్యమంత పురాతనమైనది. నారుమడి దున్నిన రైతును, తల్లిచెట్టును వెదకుచు తోటలు గాలించు ఉద్యాన శాస్త్రజ్ఞుడును, మిద్దెపై తొట్టిలో బొప్పాయి గింజ నాటిన గృహిణియు ఈ ప్రశ్ననే ఎదుర్కొనుచున్నారు. ఏపుగా పెరుగుచున్నదానిని ఉంచి నీరసించినదానిని తీసివేయుమనుట దీనికి సాధారణముగా లభించు సమాధానము. అది కొన్ని పైరులయెడ సత్యమే, మరికొన్నింటియెడ అర్ధసత్యము, ఇంకను కొన్నింటియెడ కేవలము అసత్యము. వరికి చెల్లిన న్యాయము మామిడికి చెల్లదు, కొబ్బరికి చెల్లినది బొప్పాయికి చెల్లదు. ఈ భేదములకు కారణములేవి, వీనియన్నింటిని కలుపు సూత్రమేదైన కలదా అని విచారించుటయే ఈ సమీక్షకు ఉద్దేశము.

ఈ విచారమునకు హూడి తగిన స్థానము. బెంగుళూరునకు తూర్పున, వైట్‌ఫీల్డునకు పోవు దారిలో ఉన్న ఈ గ్రామము ఒక తరము క్రిందటివరకు చెరువును, చేలును గల పల్లె. సాఫ్ట్‌వేర్ సంస్థలు వెలసిన పిదపను, 2023 మార్చిలో కృష్ణరాజపురమునుండి వైట్‌ఫీల్డు వరకు మెట్రో రైలు నడచిన పిదపను అది బహుళాంతస్తుల భవనములతో నిండినది. రాయలసీమ జిల్లాలనుండియు, కోస్తానుండియు ఉద్యోగార్థమై వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు మిద్దెతోటలలోను, మిగిలిన పెరళ్ళలోను మిరప, టమాటా, బొప్పాయి పెంచుచు, ఊరినుండి వచ్చిన బంగినపల్లి పండు తిని దాని టెంకను సైతము ఆశతో నాటుచున్నవి. మరియు ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానములను వెదకిన భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ హెసరఘట్టలో ఉన్నది. రాగి మొదలగు పంటలపై కృషి చేయు వ్యవసాయ విశ్వవిద్యాలయము హెబ్బాళమునొద్ద గాంధీ కృషి విజ్ఞాన కేంద్రమున ఉన్నది. ఒక పూట ప్రయాణములో రెండింటిని చూడవచ్చును.

విత్తనము తల్లిని పోలునా?

మొట్టమొదట తేల్చుకొనవలసినది, మన చేతిలోని విత్తనము ఏ విధముగా ఏర్పడినదను విషయము. వరి, రాగి, చిక్కుడు, టమాటా వంటి పైరులలో ఒకే పువ్వునందలి పుప్పొడి ఆ పువ్వుననే ఫలింపజేయుట సామాన్యము. తరతరములుగా ఇట్లు జరుగుటచే పిల్లమొక్కలు తల్లిని దాదాపు పూర్తిగా పోలియుండును. డెన్మార్కు దేశీయుడగు యోహాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు చిక్కుడు గింజలతో చేసిన ప్రయోగముల ఫలితములను 1903లో ప్రకటించెను. ఒకే మొక్కనుండి స్వపరాగముచే వచ్చిన వంశములో ఎంత పెద్ద గింజను ఏరి నాటినను, ఎంత చిన్న గింజను నాటినను, సంతతి గింజల సగటు బరువు మారలేదు. గింజ పెద్దదగుటకు కారణము ఆ కాయకు లభించిన ఆహారమే కాని వంశము కాదు. అనగా శుద్ధమైన వంశములో ఏపుగా ఎదిగిన మొక్కను ఎన్నుకొనుట, ఎరువు ఎక్కువగా పడిన చోటును ఎన్నుకొనుటతో సమానము.

అయినను ఇట్టి పైరులలో అరుదుగా నిజమైన మార్పు పొడచూపును. మహారాష్ట్రమున చంద్రపూరు జిల్లా నాందేడ్ గ్రామపు చిన్నరైతు దాదాజీ ఖోబ్రగడే 1983లో తాను వేసిన పటేల్-3 వరిచేలో భిన్నముగా కనబడిన కొన్ని వెన్నులను గుర్తించి, వానిని వేరుచేసి దాచి, తరువాతి సంవత్సరములలో వేరుగా నాటి, ఆ భేదము నిలుకడయైనదేనని నిశ్చయించుకొని వృద్ధి చేసెను. నాడు జనప్రియమైన గడియారము పేర హెచ్.ఎమ్.టి. అని ప్రసిద్ధమైన ఆ సన్నబియ్యము నేడు తెలుగు ఇండ్లకు సుపరిచితము. దాదాజీ చూచినది బలమును కాదు, భేదమును. చేసినది తొందరపాటు కాదు, పునఃపరీక్ష. స్వపరాగము గల పైరులలో ఎన్నిక యనగా ఇంతియే: వంశమునుండి వేరైనదానిని కనిపెట్టి, ఆ వేర్పాటు మరుసటి తరమునను నిలుచునేమో చూచుట.

మామిడి, పనస, చింత, కొబ్బరి, బొప్పాయి వంటివాని చరిత్ర వేరు. వీనియందు తేనెటీగయో, ఈగయో, గాలియో మరియొక చెట్టు పుప్పొడిని తెచ్చి కలుపుటచే, ఒకే పండులోని రెండు గింజలు సైతము ఒకదానినొకటి పోలనక్కరలేదు. బంగినపల్లి టెంకనుండి బంగినపల్లి రాదు. వచ్చునది దాని సంతానము, తండ్రి ఎవరో తెలియని సంతానము. కావుననే ఆ మామిడిని అంటుకట్టియే వ్యాపింపజేసిరి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ప్రసిద్ధఫలము కూడ ఏదో ఒక కాలమున టెంకనుండి మొలచి, ఎవరో ఒక రసజ్ఞుని దృష్టికి వచ్చిన చెట్టునుండియే వెలసినదై యుండవలెను. మిరప ఈ రెండు వర్గములకు నడుమ నిలుచును: స్వపరాగము గలదైనను తేనెటీగలచే తరచుగా సంకరమగును. గుంటూరు మిరపకాయను దాచి హూడి మిద్దెపై విత్తినవారు, ప్రక్కతొట్టిలో బజ్జీ మిరప ఉన్నయెడల, మూడవ ఏట తమ కారము మారినదని ఆశ్చర్యపడ పనిలేదు.

పోతు, పెంటి భేదము

ఎన్నికను మిక్కిలి క్లిష్టము చేయునది స్త్రీ పురుష భేదము వేర్వేరు మొక్కలయందుండు జాతి. తాటిచెట్టు ఇందులకు ప్రసిద్ధోదాహరణము. పోతుతాటినుండియు, పెంటితాటినుండియు కల్లు తీయుదురు కాని, ముంజెలు పెంటితాటికే కాయును. మొక్క పుష్పించుటకో పండ్రెండు, పదునైదేండ్లు, ఒక్కొకచో అంతకు మించియు పట్టును. అంతవరకు ఆ చెట్టు స్వభావము తెలియదు. గోదావరి మన్యమున పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానము తాటిపై కృషి చేయుచున్నది. తాటి వంటి చెట్టును ఎన్నుకొను పని ఒక మనుష్యుని ఉద్యోగకాలమునకు లొంగునది కాదు గనుక, సంస్థల పరంపరయే దానికి దిక్కు.

బొప్పాయి ఇంతకంటె దయగలది. నాటిన నాలుగునుండి ఆరునెలలలో పుష్పించి తన లింగమును తెలుపును: పొడవైన కాడలపై వ్రేలాడు గుత్తులు పోతుమొక్కవి, కాండమునకు అంటుకొని ఒంటిగానో రెండు మూడుగానో పూచు పెద్ద పువ్వులు ఆడుమొక్కవి. హాఫ్‌మైర్, స్టోరీ అను ఇరువురు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా 1938లో దీని లింగభేద సూత్రమును వివరించిరి. ఆ సూత్రము ప్రకారము, ఆడ, మగ వేరుగా ఉండు రకములలో సంతతి సగము ఆడ, సగము మగ. ఉభయలింగ పుష్పములు గల మొక్కను స్వపరాగము చేసినచో మూడింట రెండువంతులు ఉభయలింగులు, ఒక వంతు ఆడుమొక్కలు. మొదటి వర్గపు తోటలో గుంటకు మూడేసి మొక్కలు నాటి, పూత వచ్చిన పిదప ఒక్కటి నిలుపు ఆచారమునకు అర్థము లెక్కలో ఉన్నది: మూడును పోతులగుటకు అవకాశము ఎనిమిదింట ఒక వంతు, అనగా నూరు గుంటలకు పండ్రెండు, పదుమూడు; గుంటకు ఒకటియే నాటినచో ఆ నష్టము సగము. పదింటికొక పోతుమొక్కను పరాగముకొరకు ఉంచుట తోటల వాడుక.

హెసరఘట్ట సంస్థవారి సూర్య, కొడగు సీమలోని చెట్టళ్ళి కేంద్రమున ఎన్నికైన కూర్గు హనీడ్యూ, రైల్వేకోడూరు ప్రాంతపు రైతులకు సుపరిచితమైన తైవాను సంకరము రెడ్ లేడీ ఉభయలింగి వర్గమునకు చెందినవి. వీనియందు పోతుమొక్కల బెడద లేదు. స్థలము సంకుచితమైన మిద్దెకు ఇవియే యోగ్యములు. అయితే రెండు హెచ్చరికలు అవసరము. సంకరరకపు పండునుండి గింజ దాచి నాటినచో తల్లి గుణములు చెదరిపోవును. ఉభయలింగి మొక్కలలో కొన్ని తీవ్రమైన ఎండలో స్త్రీత్వమును కోల్పోయి పిందె దిగకపోవుట కలదు గనుక, విత్తనముకొరకు నిలుపుకొనునది వేసవిలోను తప్పక కాచిన మొక్క కావలెను. గింజ ఆకారమును బట్టియో, వేరు తీరును బట్టియో లింగమును పసికట్టవచ్చునను జనశ్రుతిని నమ్మరాదు. 2008లో బొప్పాయి జన్యుపటము వెలువడుటకు ముందే ఆకుముక్కతో లింగమును తెలుపు ప్రయోగశాలా పరీక్షలు సిద్ధమైనవి కాని, కంటికి మాత్రము పువ్వే సాక్ష్యము.

పువ్వుకు ముందే మగమొక్కను గుర్తించు విద్య చరిత్రలో వృత్తిగా వర్ధిల్లిన సందర్భము గంజాయి సేద్యము. 1893–94 నాటి హెంప్ డ్రగ్స్ కమిషన్ నివేదిక, వంగరాష్ట్రమున రాజషాహీ జిల్లా నౌగాం ప్రాంతమునందు ప్రభుత్వ అనుమతితో సాగిన ఆ పంటలో, పోద్దార్లు అను నిపుణులు చేలు తిరిగి మగమొక్కలను ఏరివేయుచుండిరని వర్ణించినది. ఆ కౌశలము నేడు మనకు చరిత్రమాత్రమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము గంజాయి సేద్యమును నిషేధించినది. అతిక్రమించినవారికి పదేండ్ల వరకు కఠినశిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. ఇంటి బాల్కనీలోని ఒక్క తొట్టికిని ఈ నిషేధము వర్తించును. నారకును, గింజకును మాత్రము ప్రభుత్వానుమతితో పెంచుటకు చట్టము అవకాశమిచ్చినది. ఉత్తరాఖండము 2018లో ఆ మార్గమున నడిచినది. విశాఖ మన్యమున ఈ పంట గిరిజన కుటుంబములను చెరసాలల పాలుచేసిన తీరును, 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేర వేలాది ఎకరముల పైరును ధ్వంసము చేసిన వృత్తాంతమును ఎరిగిన తెలుగువారికి ఇందలి హాని చెప్పనక్కరలేదు. ఎన్నిక విద్య ధర్మబద్ధమైన పంటలమీదనే వినియోగపడవలెను. అట్టి పంటలకు కొరత లేదు.

పసితనమున పరీక్ష

చిన్నమొక్కను చూచి పెద్దచెట్టును ఊహింపవచ్చునా? కొబ్బరియందు చాలవరకు ఊహింపవచ్చును. కాసరగోడులో 1916లోనే ఆరంభమైన కొబ్బరి పరిశోధనయు, కోనసీమలో అంబాజీపేట పరిశోధన స్థానపు కృషియు ఇందులకు ఆధారములు. ఏటేట తప్పక కాచుచు, వర్షాధారమున ఎనుబదికి తగ్గని కాయలును, తలపై ముప్పదికి మించిన ఆకులును, పొట్టిగా బలముగా ఉండు మట్టకాడలును గల తల్లిచెట్టునుండి పండిన కాయలను తెచ్చి నారుమడిలో పెట్టుదురు. ముందుగా మొలచినవానిని మేలుగా ఎంచి, ఐదారు నెలలలో మొలవనివానిని తీసివేయుదురు. ఏడాది వయసునాటికి ఆరాకులును, పది సెంటీమీటర్ల మొదలు చుట్టుకొలతయు గలిగి, ఆకు ఈనెలు తొందరగా విడివడిన మొక్కలనే నాటుదురు. ఇచ్చట త్వరగా ఎదుగుటకును, త్వరగా కాచి బాగుగా కాచుటకును సంబంధము కలదు. కావున ఏపైనదానిని ఉంచుమను సామెతవంటి సలహా కొబ్బరికి అక్షరాల చెల్లును.

నిమ్మజాతియందు ఇదే సలహా వేరు అర్థమును పొందును. ఒక్క గింజనుండి రెండు మూడు మొలకలు వచ్చుట ఈ జాతి ధర్మము. వానిలో ఏపుగా, ఒకదానినొకటి పోలి ఎదుగునవి చాలవరకు పరాగముతో నిమిత్తము లేక తల్లి కణములనుండియే పుట్టినవి. అవి తల్లికి ప్రతిరూపములు. రాయలసీమ చీనీతోటలకు వేరుమూలముగా రంగపురపు నిమ్మను పెంచువారు నారులో ఎత్తు తగ్గినవానిని, భిన్నముగా ఉన్నవానిని ఏరివేయుట ఇందుచేతనే. వారికి కావలసినది ఏకరూపత. అయితే క్రొత్త రకమును వెదకువానికి ఆ ఏరివేసిన మొక్కలలోనే నిజమైన సంకర సంతతి ఉండును. ఒకరి చెత్త మరియొకరి పంట అగుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు.

మామిడి ఈ రెంటికిని భిన్నము. టెంకమొక్క కాపునకు వచ్చుటకు ఆరునుండి పదియేండ్లు పట్టును. లేబ్రాయపు ఏపు పండు రుచిని గూర్చి ఏమియు చెప్పదు. పైగా అతివేగముగా ఎదుగు మొక్క తోటలో విశాలమైన చోటును ఆక్రమించి ఆలస్యముగా కాయుట కద్దు. కనుకనే శాస్త్రజ్ఞులు తల్లిదండ్రులను ముందే నిర్ణయించి, సంకరము చేసి, సంతతిని ఏండ్లతరబడి పరీక్షించిరి. సంగారెడ్డిలో రుమానీ, నీలం కలయికచే మంజీర పుట్టినది. కోడూరులో రుమానీ, ముల్గోవాల కలయికచే ఏయూ రుమానీ పుట్టినది. హెసరఘట్టలో ఆల్ఫాన్సోకు బంగినపల్లిని కలిపి అర్క పునీతమును తీసిరి. ఆల్ఫాన్సోను పీడించు గుజ్జుకుళ్ళు లేకపోవుట ఈ చివరి రకమునకు ముఖ్యగుణము. ఆ కలయికలనుండి వచ్చిన తోబుట్టువులలో నిలిచినవి కొన్ని మాత్రమే. ఒకే టెంక నాటి ఉత్తమఫలమును ఆశించు మిద్దెతోటవానికి ఈ వృత్తాంతము నిరాశను కలిగింపరాదు, విధానమును తెలుపవలెను: టెంకమొక్కను వేరుమూలముగా ఎంచి, దానిపై మంచి అంటు కట్టుకొనుట ఇంటివానికి మార్గము, పరీక్ష సంస్థలకు మార్గము.

అంటుకా, విత్తనమునకా?

ఇంతవరకు చెప్పినదానిలో ఒక సూత్రము క్రమముగా వ్యక్తమగుచున్నది. నిలుపుకొను మార్గమే ఎన్నిక ప్రమాణమును నిర్ణయించును. మొక్కను అంటుచేతనో, కొమ్మచేతనో, దుంపచేతనో వృద్ధి చేయదలచినచో, ఆ ఒక్క మొక్క స్వయముగా మంచిదైన చాలును. దాని సంతానము ఎట్లుండినను చింత లేదు. అమెరికాలో లూథర్ బర్బాంకు 1872లో ఒక బంగాళాదుంప కాయలోని ఇరువదిమూడు గింజలను నాటి, వచ్చినవానిలో ఒక్కదానిని పట్టుకొని లోకప్రసిద్ధమైన రకమును తీసెను; దుంపచే వృద్ధియగునది గనుక ఆ ఒక్కటియే సరిపోయినది. పూనాలో గణేశ్‌ఖిండ్ తోటయందు చీమా అను ఉద్యాన శాస్త్రజ్ఞుడు 1927లో అలహాబాదు సఫేదా జామ గింజల మొక్కలనుండి ఏరిన చెట్టే నేటి సర్దార్ జామ. ఆ సఫేదా సంతతినుండియే హెసరఘట్టవారు మెత్తని గింజలుగల అర్క మృదులను ఎన్నుకొనిరి. తుమకూరు జిల్లా చేళూరులో ఒక రైతు పొలమున ఉన్న విత్తనపు పనసచెట్టు, రెండున్నర కిలోల లోపున తూగు చిన్నకాయయు, రాగివన్నె తొనలును గలదగుటచే, సంస్థవారి పరిశీలనకు వచ్చి, ఆ రైతు తండ్రి పేర సిద్ధు పనసగా అంటుల రూపమున దేశమంతట వ్యాపించినది. ఇన్ని చోట్లను ఎన్నికైనది వ్యక్తి, వంశము కాదు.

విత్తనముచేతనే వృద్ధి చేయదలచినపుడు ధర్మము మారును. అపుడు మొక్కను దాని రూపమును బట్టి కాక, దాని సంతతిని బట్టి తీర్మానింపవలెను. ఫ్రాన్సు దేశమున విల్‌మోరిన్ అను విత్తన వర్తకుడు పందొమ్మిదవ శతాబ్ది నడుమ పంచదార దుంపలపై ఈ పద్ధతినే అనుసరించెను: ఒక్కొక దుంప విత్తనమును వేరుగా నాటి, ఏ తల్లి బిడ్డలలో తీపి నిలుచుచున్నదో చూచి, ఆ తల్లిని నిలిపెను. ఇచ్చట మనవారు సాధారణముగా విస్మరించునది మగమొక్క. పండు కాయనిది గనుక పోతుబొప్పాయిని కేవలము అవసరమునకు ఉంచి, దొరికినదానితో సరిపెట్టుకొందురు. కాని సంతతిలో సగము దానినుండియే వచ్చును. ఒంగోలు ఆబోతును దాని కూతుళ్ళ పాలను బట్టి మెచ్చుకొనునట్లు, పోతుమొక్కను దాని సంతానపు పండ్లను బట్టియే మెచ్చుకొనవలెను. గొప్ప తల్లిని ఎన్నుకొని తండ్రిని గాలికి వదలినవాడు, ఎన్నికలో సగము పనియే చేసినవాడగును.

పరీక్షకు నియమములు

ఇట్టి భేదములు ఉన్నను, ఏ పైరునకైనను చెల్లు నియమములు కొన్ని కలవు. పోల్చదలచిన మొక్కలను ఒకే మట్టిలో, ఒకే ఎండలో, ఒకేనాడు నాటవలెను. గట్టు ప్రక్క మొక్కకు వెలుతురును, గాలియు అధికముగా లభించును గనుక దానిని మేలుజాతియని భ్రమింపరాదు. మిద్దెపై తూర్పు గోడనున్న తొట్టికిని, నీడనున్న తొట్టికిని ఇదే భేదము వర్తించును. రెండవది, ఒక ఏటి కాపు తీర్పు కాదు; మామిడి ఏడాది మార్చి ఏడాది కాయుట లోకవిదితము, కావున మూడు నాలుగు కాపులు చూడనిదే చెట్టును పొగడరాదు. మూడవది, ఒక్క గుణమునకు మాత్రమే కట్టుబడరాదు. పరిమాణముకొరకు రుచినో, దిగుబడికొరకు తెగులు నిరోధమునో కోల్పోయినచో, ఆ నష్టము అంటుల ద్వారా వేల తోటలకు సంక్రమించును. నాల్గవది, వ్రాసిపెట్టవలెను, గుర్తుంచుకొందుమని నమ్మినవాడు ఫలమును గుర్తుంచుకొనును కాని, ఏ కొమ్మది, ఏ ఏటిది యనునది మరచిపోవును.

అయిదవది అన్నింటికంటె ముఖ్యము: ఎన్నుకొనుట యనగా మిగిలినవానిని నాశనము చేయుట కాదు. నేటి మన అవసరమునకు పనికిరాని చెట్టులో రేపటి తెగులును ఎదిరించు శక్తి ఉండవచ్చును. దేవనహళ్ళి సమీపమున నల్లూరులో ఏబదినాలుగు ఎకరములలో నిలిచిన పురాతన చింతతోపు 2007లో దేశమున మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడుటకు ఈ భావమే మూలము. అందలి చెట్లన్నియు గింజనుండి మొలచినవై, పులుపునను, గుజ్జునను, కాయ తీరునను వేర్వేరుగా ఉండుటయే ఆ తోపు విలువ. ఏకరూపమైన అంటుతోట పంటను ఇచ్చును. నానారూపమైన విత్తనపుతోపు రాబోవు ఎన్నికలకు మూలధనమును ఇచ్చును. ఈ రెండును కావలయును.

ఉపసంహారము

మొక్కను నిలుపుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది స్వపరాగమా, పరపరాగమా? దీని గుణము ఏ వయసున తెలియును? దీనిని అంటుచే వృద్ధి చేయుదుమా, విత్తనముచేతనా? ఈ మూడింటికి సమాధానము దొరికిన పిదపనే ఏపు, రుచి, దిగుబడి అను ప్రమాణములకు అర్థము కలుగును. కంటికి నచ్చిన మొక్కను ఉంచుట అభిరుచి. సంతతిని, కాలమును, పునఃపరీక్షను సాక్ష్యములుగా నిలిపి ఉంచుట విద్య.

హూడి వంటి చోట్ల ఈ విద్యకు తక్షణ ప్రయోజనము కలదు. కొత్త భవనముకొరకు నేలకూల్చు పాత పెరళ్ళలో గింజనుండి మొలచిన పనస, మామిడి, చింతచెట్లు ఇంకను మిగిలియున్నవి. అవి మరియెచ్చటను లేని వ్యక్తులు. చెట్టు పడుటకు ముందు దాని పండును రుచి చూచి వ్రాసిపెట్టుటయు, నాలుగు పుల్లలు కోసి అంటుకట్టించుటయు, విశేషము కలదని తోచిన హెసరఘట్ట శాస్త్రజ్ఞులకు తెలుపుటయు ఎవరైనను చేయగల పనులు. 2001 నాటి మొక్కల రకాల, రైతుహక్కుల రక్షణ చట్టము సామాన్య రైతు కనిపెట్టిన రకమునకు సైతము నమోదును, హక్కును కల్పించినది. సిద్ధు పనసయు, హెచ్.ఎమ్.టి. వరియు ప్రయోగశాలలో పుట్టలేదు, చూచువాని కంటి ముందు పుట్టినవి. మన ఇంటి ఎదుటి చెట్టు గొడ్డలికి చిక్కుటకు ముందు, దాని కొమ్మ ఒక్కటి అంటుగా నిలుచునట్లు చూచుట నేడు మనకు కర్తవ్యము.